ఆంకీడ్రాయిడ్: ఫిషరీస్ పిల్లల ఇంగ్లీషుకి మంచి యాప్

ముత్తుకూరులో ఫిషరీస్ (చేపలు, రొయ్యల పెంపకం) చదివే పిల్లలకి ఇంగ్లీషు చెప్తుంటాను. మోల్టింగ్ (రొయ్య పెంకు విడవడం), సెలినిటీ (నీటి ఉప్పదనం), హెపటోపాంక్రియాస్ (రొయ్య జీర్ణగ్రంథి) లాంటి పదాలు సోమవారం వచ్చేవి, శుక్రవారానికి పోయేవి. మరుపు ఎంత త్వరగా వస్తుందో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే లెక్కగట్టాడు. దానికి మందు ఆంకీడ్రాయిడ్‌లో దొరికింది. ఇది ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు ఉండే కార్డులు చూపించే యాప్. గుర్తున్న కార్డు కొన్ని రోజులాగి వస్తుంది, మర్చిపోయింది కాసేపట్లోనే మళ్లీ అడుగుతుంది. ఉచితం, యాడ్స్ ఉండవు, సిగ్నల్ లేని రొయ్యల గుంటల దగ్గరా నడుస్తుంది. ఐఫోన్‌లో దీని బదులు వాడే ఆంకీమొబైల్‌కైతే డబ్బులు కట్టాలి.

కార్డులు మాత్రం పాఠం చెప్పే మీరే చేసివ్వండి సార్! ఒకవైపు జబ్బు రొయ్య ఫొటో, రెండోవైపు పదం, మీ గొంతుతోనే ఉచ్చారణ. ఎక్కడివో రెడీమేడ్ డెక్కులు (కార్డుల కట్టలు) మన పిల్లలకి అతకవు. సెట్టింగుల్లో రోజుకి 20 కొత్త కార్డులుంటాయి, 10కి తగ్గించండి. లేకపోతే పాతవి గుట్టపడి పిల్లలు యాప్ తీసేస్తారు.