బరువు తగ్గే సర్జరీ తర్వాత మొదటి పచ్చి కూరగాయ: ఏది మేలు?

బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ సర్జరీ అయ్యాక వారాల తరబడి నీళ్లు, పల్చటి సూపులు, మెత్తటి ముద్దలతోనే గడిపాను. నోట్లో పళ్లున్న సంగతే మర్చిపోయాను. అందుకే డైటీషియన్ "ఇక పచ్చివి కొద్దికొద్దిగా మొదలుపెట్టొచ్చు" అనగానే, ఆ "కొద్దికొద్దిగా" నా చెవిన పడలేదు. గిన్నె నిండా లెట్యూస్ ఆకులు చించుకుని కూర్చున్నాను. రెండో ముద్దకే అడ్డం పడింది. ఛాతీ ఎముక కింద పట్టేసినట్టు నొప్పి, నోరంతా నురగలాంటి ఉమ్మి. అరగంట సేపు గదిలో అటూ ఇటూ నడిచాను. చివరికి అది పైకి వచ్చేశాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

లెట్యూస్ ఆకుకి బరువే ఉండదు కదా, క్యారెట్ కంటే తేలిగ్గా దిగుతుందనుకున్నాను. అసలు పొరపాటు అక్కడే ఉంది.

మామూలు పొట్టలో కింది భాగం తిన్నదాన్ని మిక్సీలా నలిపి, పొట్టలో ఊరే ఆమ్లంతో కలిపి కిందికి పంపుతుంది. స్లీవ్‌లో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం మిగులుతుంది. బరువు తగ్గడానికే చేసే గ్యాస్ట్రిక్ బైపాస్‌లో ఇంకో రకం: సుమారు 30 మి.లీ. పట్టే చిన్న సంచి చేసి దాన్ని నేరుగా పేగుకి కుడతారు. తిన్నది ఆ నలిపే భాగంలోకి వెళ్లనే వెళ్లదు. ఉడికిస్తే కూరగాయ కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కరిగి మెత్తబడుతుంది. పచ్చిదానిలో అది గట్టిగానే ఉంటుంది. గోడల్లోని సెల్యులోజ్‌ను కరిగించే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. కాబట్టి మిక్సీ పని చాలావరకు పళ్లే చేయాలి.

ఈ లెక్కన చూస్తే పళ్ల కింద నలిగి గుజ్జయ్యేది మంచిది, నలగకుండా జారిపోయేది చెడ్డది. ఆకు పల్చగా ఉండి పళ్ల మధ్య చిక్కదు, మడత పడి అలాగే దిగిపోతుంది, తడి కాగితంలా గోడకు అతుక్కుంటుంది. నా ఓటు కీరాకి. అందులో దాదాపు 95 శాతం నీళ్లే. తొక్క తీసి, గింజల భాగం చెంచాతో గీకేసి, పల్చటి ముక్కలు కోసి నమిలితే నోట్లోనే నీరైపోతుంది. కొందరికి తేన్పులు వస్తాయి, దానికున్న లోపం అదొక్కటే.

క్యారెట్‌ది రెండో స్థానం, అదీ తురిమితేనే. కర్రముక్కల్లా కోసుకుని కొరికితే గట్టి పలుకులు నమలకుండానే దిగిపోతాయి. తురుముతోనూ ఒక తంటా ఉంది: ఎలాగూ చిన్నగా ఉంది కదా అని గబగబా మింగేస్తాం. టమాటా గుజ్జుతో పేచీ లేదు గానీ తొక్క చుట్టలు చుట్టుకుంటుంది, తీసేయాల్సిందే. పైగా స్లీవ్ తర్వాత పులితేన్పులు, గుండెమంట ఉండేవాళ్లు చాలామంది. వాళ్లు టమాటాను వెనక్కి పెట్టుకోవడమే నయం. క్యాబేజీ, బ్రాకలీ, ఉల్లి గ్యాస్ తెస్తాయి కాబట్టి ఇంకా తర్వాత. నార ఉన్న సెలెరీ లాంటివి అన్నిటికంటే చివర. పొట్ట సర్జరీలు అయినవాళ్లలో నమలని పీచు ఉండలా పేరుకుని దారి మూసేయడం డాక్టర్లకు తెలిసిన సమస్యే.

ఇక అసలు పచ్చిదా, ఉడికించిందా? మొదటి నెలల్లో ఉడికించిందే గెలుస్తుంది, అనుమానం లేదు. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ తినమంటారు. ఉన్న కాస్త చోటూ దానికే చాలదు. గుప్పెడు పచ్చి ఆకు ఆ చోటంతా ఆక్రమిస్తుంది, అదే ఆకు ఉడికితే రెండు చెంచాలవుతుంది. పీచు ఉడికించినా పోదు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్ లాంటి పోషకాలు ఉడికించినప్పుడే ఒంటికి బాగా పడతాయి. పచ్చిదాని వైపు చెప్పగలిగే గట్టి మాట విటమిన్ సి ఒకటే, వేడికి అది కొంత పోతుంది. డాక్టర్ రాసిన మల్టీవిటమిన్ రోజూ వేసుకుంటుంటే దానికోసం తొందరపడనక్కర్లేదు. నిజం చెప్పాలంటే పచ్చి కూరగాయ కోసం నేను ఆరాటపడింది పోషకాల కోసం కాదు, ఆ కరకర కోసం. అదేం తప్పు కాదనే నా ఉద్దేశం.

మిక్సీలో వేసి స్మూతీలా తాగితే? అడ్డం పడదు, కానీ సర్రున జారిపోతుంది, కడుపు నిండిన భావం ఉండదు. నమలడం మళ్లీ అలవాటు కావడానికి పనికిరాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికి ఒకే జవాబు లేదు. కొందరు సర్జన్లు 6 నుంచి 8 వారాలకే సరేనంటారు, కొందరు మూడు నెలలు ఆగమంటారు. మీకు సర్జరీ చేసిన టీమ్ మాటే వినండి. మీ కుట్లు ఎలా మానాయో తెలిసింది వాళ్లకే. ఆన్‌లైన్‌లో ఎవరో ఐదో వారంలోనే సలాడ్ తిన్నారని టెన్షన్ పడకండి.

నేను రెండోసారి మొదలుపెట్టిన తీరు ఇది. మధ్యాహ్నం, ప్రొటీన్ తిన్నాక, రెండే చెంచాల కీరా. రాత్రిపూట కొత్తవి ప్రయత్నించలేదు, ఏదైనా తేడా చేస్తే నిద్ర పోతుంది. ఒక పూటకు ఒకే కొత్త కూరగాయ, లేకపోతే ఏది పడలేదో తెలియదు. నోట్లో ముద్ద పేస్టులా అయ్యేదాకా నమలడం, తిన్నాక అరగంట దాకా నీళ్లు ముట్టకపోవడం. అడ్డం పడితే నీళ్లు తాగి కిందికి తోసేద్దామనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయొద్దు, దారి మూసుకుని ఉంటే నీళ్లు దానిమీదే నిలిచి నొప్పి పెంచుతాయి. తినడం ఆపేసి, ఆ కూరగాయను ఒకటి రెండు వారాలు పక్కన పెట్టి మళ్లీ చూడటమే.

ఒక్కసారి అడ్డం పడటం వేరు, రోజూ పడటం వేరు. నిన్నటిదాకా తేలిగ్గా దిగినవి ఇప్పుడు ఆగుతున్నాయంటే దారి ఇరుకైందేమో చూడాలి, దానికి ఎండోస్కోపీ చేస్తారు. నీళ్లు కూడా నిలవకపోతే, నొప్పి తగ్గకపోతే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయాలి. వాంతులు రోజుల తరబడి సాగితే ఒంట్లో థయామిన్ (విటమిన్ బి1) పడిపోవచ్చు, నరాలు దెబ్బతినొచ్చు.

ఆ లెట్యూస్ నాకు ఏడో నెలలో పడింది, అదీ దారాల్లా సన్నగా తరిగి, కీరాతో కలిపి, మూడు చెంచాలు. పచ్చి ఉల్లి ఇప్పటికీ పడలేదు. రెండుసార్లు చూశాను, రెండుసార్లూ సాయంత్రం దాకా పొట్ట ఉబ్బరమే. మూడోసారి ఇంకా ధైర్యం చేయలేదు.