పల్లె తాగునీటికి నాబార్డ్ అప్పు: వడ్డీ చవక, గడువు ఇరుకు

గ్రామీణ నీటి పథకాలకు ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకు అప్పు అనగానే మన రెండు రాష్ట్రాల ఇంజనీర్ల నోట ముందుగా వచ్చే మాట ఆర్‌ఐడీఎఫ్. జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ నడిపే గ్రామీణ మౌలిక వసతుల నిధి ఇది. 1995-96లో 2,000 కోట్ల రూపాయలతో మొదలైంది. ప్రాధాన్య రంగాలకు ఇవ్వాల్సినంత అప్పు ఇవ్వని వాణిజ్య బ్యాంకులు ఆ లోటు సొమ్మును ఇందులో జమ చేస్తాయి. మొదట్లో సగంలో ఆగిన సాగునీటి పనుల కోసం పెట్టినా, తర్వాత తాగునీరు, బడుల్లో మరుగుదొడ్లు, ఊళ్లలో చెత్త నిర్వహణ కూడా జాబితాలో చేరాయి.

దీని బలం వడ్డీ. రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటు కంటే ఒకటిన్నర శాతం తక్కువ. బ్యాంకు రేటు 6.75 శాతం ఉన్న 2023 ఫిబ్రవరి నుంచి 2024 చివరి దాకా రాష్ట్రాలకు ఇది 5.25 శాతానికే దొరికింది. అదే కాలంలో బహిరంగ మార్కెట్లో రాష్ట్రాలు తెచ్చుకున్న అప్పులు ఏడు శాతం పైనే పడ్డాయి. మార్కెట్లో ఇంత చవకగా అప్పు రాదు కాబట్టి ఆర్థిక శాఖలు దీన్ని వదులుకోవు.

అసలు చిక్కు గడువు దగ్గర ఉంది. తాగునీటికి పథకం విలువలో 85 శాతం అప్పు ఇస్తారు. 10 కోట్ల పథకమైతే 8.5 కోట్లు నాబార్డ్‌వి, 1.5 కోట్లు రాష్ట్రానివి. మొత్తం ఏడేళ్లలో తీర్చాలి. మొదటి రెండేళ్లు అసలు సొమ్ము కట్టక్కర్లేదు, వడ్డీ మాత్రం ఆగదు. తర్వాత ఏటా 1.7 కోట్ల చొప్పున ఐదు వాయిదాలు. మూడో ఏడాది వడ్డీ 45 లక్షలు కలిపితే ఆ ఒక్క సంవత్సరమే 2.15 కోట్లు కట్టాలి. అదే వడ్డీకి ఇరవై ఏళ్ల గడువిస్తే ఏడాదికి దాదాపు 70 లక్షలతో సరిపోతుంది. సరిగ్గా వేసిన డీఐ (డక్టైల్ ఐరన్) పైపు ముప్పై ఏళ్లకు పైగా పనిచేస్తుంది. ఆ పైపు ఖర్చును ఏడేళ్లలో రాబట్టడం నీటి రంగానికి నప్పని పద్ధతి. రోడ్డుకైనా, చెరువు గట్టుకైనా, తాగునీటికైనా ఒకే గడువు పెట్టడం ఈ సేవలో మాకు కనిపించే అతి పెద్ద లోపం.

నీటి పన్నుతో ఈ అప్పు తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పై పథకం కింద 5,000 ఇళ్లున్నాయనుకుందాం. నెలకు 60 రూపాయల చొప్పున ప్రతి ఇల్లూ కట్టినా ఏడాదికి 36 లక్షలే. అది వడ్డీకే చాలదు. పన్ను వసూలు చేయాల్సింది పథకం నడవడానికి. 20,000 మందికి తలకు 55 లీటర్లు, దారిలో 15 శాతం నష్టం కలుపుకుంటే రోజుకు సుమారు 13 లక్షల లీటర్లు ఎత్తిపోయాలి. మొత్తం హెడ్ (పంపు నీటిని ఎత్తాల్సిన ఎత్తు, పైపుల్లో రాపిడి నష్టంతో కలిపి) 60 మీటర్లు, పంపుసెట్టు సామర్థ్యం 65 శాతం అనుకుంటే రోజుకు 330 యూనిట్ల కరెంటు. యూనిట్ ఏడు రూపాయలైతే ఏడాదికి 8 లక్షల పైచిలుకు. పంపు ఆపరేటర్లు, లైన్‌మెన్ల జీతాలు, క్లోరిన్, ఫిల్టర్ ఇసుక మార్పిడి, మోటారు రీవైండింగ్, లీకేజీలు, అన్నీ మిగిలిన 28 లక్షల్లో సర్దాలి. పన్ను సగమే వసూలైతే మొదట కొరత పడేది మరమ్మతులకు. ఈ ఖర్చులో ఒక్క రూపాయి కూడా ఆర్‌ఐడీఎఫ్ ఇవ్వదు.

ఈ లెక్కను నాబార్డ్ గట్టిగా అడగకపోవడానికి కారణం ఉంది. అప్పుకు భద్రత పథకం ఆదాయం కాదు. రాష్ట్ర ప్రభుత్వం ప్రామిసరీ నోట్లు రాసిస్తుంది, వాయిదా రోజున తన ఖాతా నుంచి సొమ్ము మళ్లించుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు దగ్గర అధికార పత్రం నమోదు చేస్తుంది. నల్లాలో నీళ్లు వచ్చినా రాకపోయినా బ్యాంకుకు డబ్బు చేరుతుంది.

పంచాయతీ నేరుగా దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) తయారు చేస్తే, ఆర్థిక శాఖ ద్వారా అది నాబార్డ్ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్తుంది. మంజూరయ్యాక పని మొదలుపెట్టడానికి అప్పులో 20 శాతం, మన ఉదాహరణలో 1.7 కోట్లు, ముందస్తుగా దొరుకుతుంది. మిగతాదంతా ఖర్చు పెట్టి, ఖర్చు పత్రం పంపితే వచ్చే సొమ్ము. ఖజానాలో నగదు లేని నెలల్లో పని నత్తనడక నడిచేది ఇక్కడే: బిల్లు చెల్లించనిదే క్లెయిమ్ పంపలేరు, క్లెయిమ్ రానిదే బిల్లు చెల్లించే స్తోమత ఉండదు. కాంట్రాక్టర్ యంత్రాలు తీసుకుని పోతాడు. పాత ఎస్‌ఎస్‌ఆర్‌తో (ప్రభుత్వ పనుల ప్రామాణిక రేట్ల పట్టికతో) వేసిన అంచనా ఈలోగా చాలకుండా పోతుంది.

అందుకే డీపీఆర్ కట్టకముందే కొన్ని కాగితాలు చేతిలో ఉండాలి. ట్యాంకు, సంపు స్థలాల స్వాధీనం, ఆర్ అండ్ బీ రోడ్డు కోతకు అనుమతి, రైల్వే లైను దాటాలంటే దాని అనుమతి, అడవి తగిలితే అటవీ శాఖది. విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కం నుంచి హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ అంచనా కూడా. వీటన్నిటికంటే ముఖ్యమైనది నీటి వనరు. బోర్ల మీద ఆధారపడితే వర్షాకాలం పరీక్ష పనికిరాదు, ఏప్రిల్, మే నెలల్లో దిగుబడి కొలవాలి. చెరువైతే వేసవికి ఎన్ని రోజుల నిల్వ ఉంటుందో రాయాలి.

పట్టణాలకు ఈ కిటికీ తెరుచుకోదు. వాటికి తమిళనాడు చూపిన దారి మెరుగ్గా ఉంది. డజనుకు పైగా చిన్న పట్టణాల నీటి, మురుగు పథకాలను కలిపి అక్కడ 30.41 కోట్ల బాండు జారీ చేశారు. గడువు 15 ఏళ్లు, వడ్డీ 9.20 శాతం. పట్టణాలు తమ రాబడిని ముందుగా ఎస్క్రో ఖాతాలో (అప్పు తీర్చడానికే విడిగా ఉంచే ఖాతాలో) వేశాయి, అసలులో సగానికి అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ పూచీ ఇచ్చింది. వడ్డీ ఎక్కువైనా గడువు పథకానికి తగ్గట్టుంది, పైగా పట్టణం తన వసూళ్ల లెక్క తేల్చుకోక తప్పదు. ఆ క్రమశిక్షణ ఆర్‌ఐడీఎఫ్‌లో కూడా రావాలని మా గట్టి కోరిక.

ఇప్పుడున్న రూపంలో ఆర్‌ఐడీఎఫ్ ఎవరికి పనికొస్తుందంటే, నీటి వనరు ఖాయమై, స్థలాలు చేతిలో ఉండి, రెండేళ్లలో ముగించగల పథకాలకు. పాత పైపుల మార్పిడి, ట్యాంకుల విస్తరణ, శుద్ధి కేంద్రం సామర్థ్యం పెంపు లాంటివి బాగా కుదురుతాయి. వందల ఊళ్ల కొత్త గ్రిడ్డును దీని మీదే వేస్తే, చివరి ఊరికి నీళ్లు చేరకముందే మొదటి వాయిదా వచ్చి పడుతుంది. మీ ఊరి పథకం ఇందులో ఉంటే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) కార్యాలయంలో మూడు అంకెలు అడగండి: మంజూరైన అప్పు, ఇప్పటిదాకా క్లెయిమ్ చేసింది, చెల్లించాల్సిన బిల్లుల మొత్తం. క్లెయిమ్ తక్కువగా ఉండి బిల్లులు పేరుకుపోతే పని ఆగింది ఖజానా దగ్గర, అడగాల్సింది ఆర్థిక శాఖను. బిల్లులే లేకపోతే పని ఆగింది స్థలం, అనుమతుల దగ్గర, దానికి కలెక్టర్ సమీక్ష సరైన చోటు.