చిట్టెలుక పిండంలో కణ విభజనల జాడ: ఏ ట్రాకింగ్ పద్ధతి మేలు?

చిట్టెలుక పిండంలో ఏ కణం దేని నుంచి పుట్టిందో తేల్చడానికి, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్‌కు ఫ్లోరోసెంట్ గుర్తు చేర్చి, కేంద్రకాలు వెలిగేలా చేసి, నిమిషాల వ్యవధిలో త్రిమితీయ చిత్రాలు తీస్తారు. ఆ చిత్రాల నుంచి వంశవృక్షాన్ని అల్లే సాఫ్ట్‌వేర్లలో ముఖ్యంగా రెండు తీరులున్నాయి. మొదటిది, ఒక ఫ్రేములో గుర్తించిన కేంద్రకాన్ని తర్వాతి ఫ్రేములో వెతుక్కుంటూ ముందుకు సాగుతుంది. 2014లో వెలువడిన టీజీఎంఎం ఈ కోవలోదే. రెండోది, కేంద్రకాలు కాగల చోట్లన్నిటినీ న్యూరల్ నెట్‌వర్క్‌తో ముందే ఏరి, అనేక ఫ్రేములను కలిపి చూసి, మొత్తం మీద అతి తక్కువ పొరపాట్లుండే జోడింపును గణితంతో ఎంచుతుంది. 2022 నాటి లినేజియా ఇలా పనిచేస్తుంది.

వీటి అసలు పరీక్ష విభజన జరిగే ఆ కొద్ది నిమిషాలే. అప్పటిదాకా గుండ్రంగా ఉన్న కేంద్రకం పలుచని పట్టీగా మారి, రెండు పట్టీలుగా విడిపోయి, అవి ఎదురెదురు దిక్కులకు జరుగుతాయి. ఫ్రేముల మధ్య వ్యవధి ఎక్కువైతే, పిల్ల కణాల్లో ఒకదాన్ని పక్క కణానికి అంటగట్టే ప్రమాదముంది. అండం తయారయ్యేటప్పుడు విడివడి పిండం అంచున మిగిలే చిన్న కణమైన పోలార్ బాడీలోనూ డీఎన్ఏ ఉంటుంది కనుక అది కూడా వెలిగి, పిండపు కణంగా లెక్కలోకి వచ్చేస్తుంది. మొదటి పద్ధతిలో ఇలాంటి తప్పు ఒకసారి దొర్లితే, ఆపై కొమ్మంతా తప్పే. ఒక ఫ్రేములోని కేంద్రకాన్ని తర్వాతి ఫ్రేములోని దానితో కలిపే ఒక్కో జోడింపు 99 శాతం సరైనదే అనుకున్నా, 100 జోడింపుల తర్వాత ఒక్క తప్పూ లేకుండా నిలిచే జాడలు సుమారు 37 శాతమే. అందుకే జోడింపుల ఖచ్చితత్వాన్ని మాత్రమే గొప్పగా చూపే ఫలితాలను నేను నమ్మను. విభజనలను ఎన్ని సరిగ్గా పట్టుకుందో విడిగా చెప్పాలి.

పిండం గర్భాశయానికి అంటుకోకముందు దశకైతే మొదటి పద్ధతే చాలు. ఒక కణం 64 కణాలు కావడానికి, మధ్యలో ఏ కణమూ చావకపోతే, 63 విభజనలే జరుగుతాయి. వాటన్నిటినీ మనిషి కంటితో సరిచూడగలడు, సరిచూసి తీరాలి కూడా. అయితే 6.5 నుంచి 8.5 రోజుల పిండాన్ని అమెరికాలోని జనీలియా పరిశోధనా కేంద్రం వారు 2018లో చిత్రించినట్టు చిత్రిస్తే, కణాలు వేలల్లోకి పోతాయి, చేత్తో దిద్దడం సాధ్యం కాదు. అక్కడ రెండో పద్ధతే మేలు. కాకపోతే దానికి చేత్తో గుర్తించిన నమూనాలు కావాలి, మైక్రోస్కోప్ మారితే మళ్లీ శిక్షణ ఇవ్వాల్సి రావచ్చు.

ఫ్రేముల వ్యవధి తగ్గించడం రెండింటికీ మేలే గానీ, ప్రతి చిత్రంతోనూ కాంతి తాకిడి పెరిగి పిండం దెబ్బతింటుంది. కనుక సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోకముందే, పిండం ఆరోగ్యంగా ఎదుగుతూ ఎంత తరచు చిత్రాలను తట్టుకోగలదో చూసుకోవాలి.