సైకిళ్ల కోసం సైకిల్ యాత్ర: విశాఖ నుంచి అరకు

మన్యంలో చదువుకునే ఆడపిల్లలకు సైకిళ్లు కొనివ్వడానికి విరాళాలు సేకరించే సైకిల్ యాత్ర ఒకటి చేయాలని, అందుకు తగిన దారిని చూసుకోవడానికి మిత్రబృందంతో విశాఖపట్నం నుంచి అరకు సైకిళ్ల మీద వెళ్లి వచ్చాము. 1990ల తొలినాళ్లలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది పల్లె మహిళలు సైకిల్ నేర్చుకున్న సంగతి చదివినప్పటి నుంచి నాకు ఈ ఆలోచన ఉంది. మా బావమరిది మాత్రం హైదరాబాద్ దాకా తొక్కితేనే దాతలు కదులుతారని మొదటి నుంచీ పట్టుబట్టాడు.

పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట వరకు చెప్పుకోవలసినదేమీ లేదు. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక అనంతగిరి ఎక్కేసరికి అందరి కాళ్లూ బరువెక్కాయి. అక్కడ రోడ్డు పక్కన ఒక పెద్దావిడ కుండలోంచి పోసి ఇచ్చిన చోడి (రాగి) అంబలి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ: అన్నీ కలిపి గ్లాసుకు 20 రూపాయలు. మేము వెంట తెచ్చుకున్న 80 రూపాయల శక్తి పానీయం సీసాలు సంచిలోనే ఉండిపోయాయి. పుల్లగా, చల్లగా గొంతు దిగిన ఆ అంబలితోనే గాలికొండ వరకు ఎక్కగలిగాము.

అంబలి తాగుతుండగా బడికి నడిచి వెళ్తున్న పిల్లలు మా సైకిళ్ల చుట్టూ చేరారు. ఒక అమ్మాయి వెనక చక్రం పళ్లను వేలితో ఒక్కొక్కటిగా తడిమి, "మా ఊరి దారిలో దీన్ని మోసుకెళ్లాలండీ, తొక్కడం కుదరదు" అంది. ఆ మాటతో నా లెక్క మారిపోయింది. కొండవాలు మీది ఊళ్లకు సైకిల్ ఇచ్చినా ఉపయోగం తక్కువ. అరకు లోయలో నేల కాస్త చదునుగా ఉన్న ఊళ్ల పిల్లలకు ఇస్తే అది ప్రతిరోజూ కదులుతుంది. అక్కడి దుకాణంలో గేర్లు లేని లేడీస్ సైకిల్ ధర 5,600 చెప్పారు. కాబట్టి యాత్ర లోయలోని ఒక బడి దగ్గరే ముగియాలి, సైకిళ్లు అక్కడే పిల్లల చేతికి అందాలి. బావమరిది కూడా ఆ తర్వాత హైదరాబాద్ మాట ఎత్తలేదు.

సుంకరిమెట్ట దగ్గర సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు చూసిన ఆనందం అరకులో లాడ్జి గుమ్మం దగ్గరే ఆవిరైంది. ఫోన్‌లో గదికి 1,400 అని చెప్పిన యజమాని మమ్మల్ని చూడగానే 2,200 అన్నాడు. సైకిళ్లు గదిలోకి రాకూడదన్నాడు, వరండాలో పెట్టినందుకు ఒక్కోదానికి 100 వేశాడు, వేడినీళ్లకు బకెట్‌కు 40 తీసుకున్నాడు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు. దుప్పట్లు తడిగా ఉన్నాయని చెప్పినా మార్చలేదు. చీకటి పడ్డాక, చలిలో, వేరే చోటు వెతికే ఓపిక లేని మనుషులను ఇలా పీడించడం అన్యాయం. బావమరిది రాత్రి భోజనం దగ్గర కూడా నోరు విప్పలేదు; 350 రూపాయల బొంగులో చికెన్ సగం ఆకులోనే వదిలేశాడు.

అందుకే దాతల సొమ్ముతో వెళ్లేవారు గది అద్దె, సైకిళ్లు పెట్టే చోటు, వేడినీళ్లు అన్నీ సందేశంలో రాయించుకున్నాకే బయానా పంపాలి. నా మాట వింటే ముందు రాత్రి శృంగవరపుకోటలో పడుకొని, తెల్లవారుజామున ఘాట్ ఎక్కడం మేలు. పర్యాటకుల కార్లు రాకముందే సగం కొండ అయిపోతుంది. తిరుగు దారిలో బ్రేకులు పట్టి ఉంచకుండా విడిచి విడిచి నొక్కాలి, లేకపోతే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలుతుంది. తిండి, బస కలిపి మనిషికి 2,500 చాలు, ఆ ఖర్చు తొక్కేవారే పెట్టుకోవాలి. విరాళంలో ఒక్క రూపాయి కూడా దానికి వాడకూడదని మేము తీర్మానించుకున్నాము.