ఫెర్రైట్ పలకలా, కార్బన్ ఫోమా: ఏది మేలు?

మిక్సీ మోటారైనా మొబైల్ ఫోనైనా ఎంత రేడియో అలజడి వెదజల్లుతోందో కొలవాలంటే ఎనెకోయిక్ చాంబర్, అంటే గోడల నుంచి తరంగాలు తిరిగిరాని గది, కావాలి. బయటి తరంగాలు చొరబడకుండా ఉక్కు రేకులతో గది కట్టేస్తే సరిపోదు. రేకుకు తగిలిన తరంగం తిరిగొచ్చి కొలతను పాడుచేస్తుంది. అందుకే లోపలి గోడలకు తరంగాలను మింగేసే సరుకు అంటిస్తారు. అది ఫెర్రైట్ (ఇనుప ఆక్సైడ్‌తో చేసే, అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) పలకలైనా కావచ్చు, కార్బన్ పట్టించిన ఫోమ్ పిరమిడ్లైనా కావచ్చు.

ఫోమ్ తేలిక. పాలియురెథేన్ ఫోమ్‌కు కార్బన్ కలిపిన ద్రావణం పట్టించి ఆరబెడతారు. పిరమిడ్ ఆకారం అందం కోసం కాదు. మొనల దగ్గర దాదాపు అంతా గాలే, కిందికి పోయేకొద్దీ ఫోమ్ వాటా పెరుగుతుంది. దాంతో తరంగం ఎక్కడా ఒక్కసారిగా గోడకు కొట్టుకోకుండా మెల్లగా లోపలికి దిగి వేడిగా మారిపోతుంది. 10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లే. అడుగు ఎత్తు మంచి పిరమిడ్లు, ఎదురుగా వచ్చిన తరంగంలో లక్షో వంతు శక్తిని మాత్రమే వెనక్కి పంపుతాయి.

అవే పిరమిడ్లు 30 మెగాహెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తాయి. అక్కడ తరంగదైర్ఘ్యం 10 మీటర్లు! ఫోమ్‌తోనే నెట్టుకురావాలంటే పిరమిడ్లు మనిషి ఎత్తును మించి పెరగాలి, గదిలో చోటంతా వాటికే పోతుంది. ఫెర్రైట్ పలక మందం మాత్రం సుమారు 6 మిల్లీమీటర్లే. అంత పల్చటిది 10 మీటర్ల తరంగాన్ని పట్టేయడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

కిటుకంతా రేకు దగ్గరే ఉంది. రేకు ఉపరితలం మీద తరంగపు విద్యుత్ క్షేత్రం దాదాపు సున్నా, అయస్కాంత క్షేత్రం గరిష్ఠం. కార్బన్ తినేది విద్యుత్ క్షేత్రాన్ని, కాబట్టి రేకు నుంచి దూరంగా ముందుకు రావాలి. ఫెర్రైట్ తినేది అయస్కాంత క్షేత్రాన్ని, కాబట్టి రేకుకు అతుక్కునే పని కానిస్తుంది.

ఫెర్రైట్‌తో తిప్పలూ ఉన్నాయి. చదరపు మీటరుకు 30 కిలోల దాకా బరువు, జారిపడితే పింగాణీలా పగులుతుంది. పలకకూ పలకకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలినా పనితనం తగ్గుతుంది. 1 గిగాహెర్ట్జ్ దాటాక దాని అయస్కాంత గుణమే సన్నగిల్లుతుంది.

రాడార్, యాంటెన్నా పరీక్షలకైతే కళ్ళు మూసుకుని ఫోమ్ తీసుకోండి. కాకపోతే ఫోమ్‌లో పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. ఎక్కువ పవర్ చిమ్మే యాంటెన్నాను దగ్గరగా పెడితే అంటుకునే ప్రమాదం ఉంది. మంటను అడ్డుకునే రకమే కొనాలి.

ఇంట్లో వాడే పరికరాల పరీక్షకు నా ఓటు ఫెర్రైట్‌కే, 1 గిగాహెర్ట్జ్ పైన కూడా కొలవాలంటే దాని మీద పొట్టి ఫోమ్‌తో. ఖర్చు కలిసొస్తుందని మామూలు ఫోమ్ తెచ్చి అంటించకండి, కింది ఫ్రీక్వెన్సీల్లో ఫెర్రైట్ చేసే పని కూడా చెడుతుంది. పలకలకు జతగా, కార్బన్ తగ్గించి చేసిన ఫోమ్ విడిగా దొరుకుతుంది, అదే అడగండి.