బీచ్ రోడ్డు ర్యాలీనా, కలెక్టరేట్ క్యూనా?

వైజాగ్‌లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కోసం ఏదైనా చేయాలనుకునే వాళ్లు అడిగే ప్రశ్న ఇదే: నలుగురిలోకి వెళ్లి మాట్లాడాలా, ఒక్కొక్కరి పక్కన నిలబడి పని చేయించాలా?

ఖర్చు: ర్యాలీకి బ్యానర్లు, మైకు, పోలీసు అనుమతి. కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు పనికి ఆటో చార్జీ, జిరాక్సులు, పోయిన రోజు కూలి.

శ్రమ: ర్యాలీ ఒక సాయంత్రంలో అయిపోతుంది. కార్డు పని నెలలు పట్టొచ్చు. ట్రాన్స్‌జెండర్ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనల్లో కార్డు 30 రోజుల్లో ఇవ్వాలని రాశారు కానీ, ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉంటే తిరుగుడు తప్పదు.

రిస్కు: దీని గురించే ఎక్కువ చెప్పాలి. ర్యాలీ ఫొటో ఫోన్లలో తిరిగితే ఇంట్లో చెప్పుకోని అమ్మాయి అద్దె గది పోగొట్టుకోవచ్చు. కాబట్టి ఎవరి ముఖం కనిపించాలో వాళ్లనే అడగాలి. కలెక్టరేట్ దారిలో ఆ భయం తక్కువ, విసుగు ఎక్కువ.

ఫలితం: 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు థర్డ్ జెండర్‌ను గుర్తించింది, 2019లో ట్రాన్స్‌జెండర్ హక్కుల రక్షణ చట్టం వచ్చింది. అయినా గాజువాకలో ఇల్లు అద్దెకు అడిగితే ముఖం తిప్పుకునేవాళ్లున్నారు. వాళ్ల మనసు ర్యాలీ కన్నా పక్కింటి పరిచయంతోనే ఎక్కువ మారుతుందని నా నమ్మకం.

దాడి జరిగినా, పోలీసులు ఫిర్యాదు తీసుకోకపోయినా జీవీఎంసీ (నగరపాలక సంస్థ) గాంధీ విగ్రహం దగ్గరకు రండి, గుంపుగా. బ్యాంకు ఖాతా, కాలేజీ సీటు ఆగిపోయిన మనిషి ఎదురుగా ఉంటే మాత్రం ఫైలు పట్టుకుని ఆమెతో కలెక్టరేట్‌కి వెళ్లండి.