కర్నూలులో బ్రూమరుకు కొత్త హైడ్రాలిక్ మోటారు: డాన్‌ఫాస్ ఓఎంఆర్ 250, దాన్ని తెప్పించి ఇచ్చిన దుకాణం

తారు వేసే ముందు కంకర పొర మీది దుమ్మును ఊడ్చడానికి, బేతంచెర్ల వైపు నాపరాయి ఫ్యాక్టరీల ఆవరణల్లో పేరుకున్న రాతిపొడిని తీయడానికి మేము స్కిడ్ స్టీర్ లోడరుకు (ముందువైపు రకరకాల పనిముట్లు తగిలించుకునే చిన్న లోడరు) బ్రూమరు, అంటే ఊడ్చే బ్రష్షు అటాచ్‌మెంటు, తగిలించి బాడుగకు తిప్పుతాము. ఆ బ్రూమరు బ్రష్షును నేరుగా తిప్పే హైడ్రాలిక్ మోటారుకు షాఫ్టు దగ్గర నూనె కారడం మొదలైంది. సీలు కిట్టు మార్చినా కారడం ఆగలేదు. విప్పి చూస్తే రోలర్ల మీద, అవి తిరిగే రింగు లోపలి అంచు మీద గోటికి తగిలేంత లోతుగా చారలు పడి ఉన్నాయి. అలాంటి మోటారుకు మళ్లీ కిట్టు వేయడం డబ్బు దండగ కనుక కొత్తది కొన్నాము. కొన్నది డాన్‌ఫాస్ కంపెనీ ఓఎంఆర్ 250. తెప్పించి ఇచ్చింది బళ్లారి చౌరస్తా వైపున్న ఒక హైడ్రాలిక్ సామాన్ల దుకాణం. ఈ సమీక్ష ఆ రెండింటి గురించి. అయితే ఆ మోటారునే ఎందుకు ఎంచుకోవలసి వచ్చిందో చెప్పకుండా అది మంచిదో కాదో చెప్పినా ప్రయోజనం లేదు.

బ్రూమరు తయారుచేసిన కంపెనీ డీలరును అడిగితే మోటారు ధర చెప్పారు, విదేశం నుంచి రావాలి కనుక గడువు మాత్రం చెప్పలేమన్నారు. మేము చివరకు పెట్టిన ఖర్చు ఆ ధరలో సగానికి కాస్త పైన ఉంటుంది. నిజానికి అటాచ్‌మెంటు తయారీదారుల్లో చాలామంది మోటారును తాము చేయరు. మోటార్ల కంపెనీ దగ్గర కొని తమ పార్టు నెంబరు వేసుకుంటారు. కనుక అసలు మోటారు ఏ రకమో తేల్చుకోగలిగితే డీలరు దగ్గరే కొనవలసిన అవసరం ఉండదు.

ఆ తేల్చుకోవడమే పెద్ద పని. మా పాత మోటారు నేమ్‌ప్లేటు అరిగిపోయి ఒక్క అక్షరం కూడా చదవడానికి రాలేదు. మేము మొదట వెళ్లిన దుకాణంలో మోటారును చేత్తో ఎత్తి చూసి 200 సీసీ (షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి పట్టే నూనె) అన్నారు. బళ్లారి చౌరస్తా దుకాణదారు మాత్రం అంచనాతో మాట్లాడలేదు. మోటారులో నూనె నింపి, ఒక పోర్టును (నూనె వచ్చిపోయే రంధ్రాన్ని) నూనె డబ్బాలో ముంచిన పైపుకు, రెండో పోర్టును కొలత జగ్గుకు కలిపి, షాఫ్టును పానాతో నెమ్మదిగా పది చుట్లు తిప్పించాడు. జగ్గులోకి దాదాపు రెండున్నర లీటర్లు వచ్చింది, అంటే చుట్టుకు 250 సీసీ. అరిగిన మోటారులో కొంత నూనె లోపలే జారిపోతుంది కనుక ఈ లెక్క అణువంతైనా తేడా లేనిదని అనలేము గానీ, 200కూ 250కీ మధ్య తేడా తేల్చడానికి ఇది చాలు. తరువాత అతను వెర్నియరుతో రోలర్ల రింగు మందం కూడా కొలిచాడు. ఒకే శ్రేణి మోటార్లలో ఈ రింగు మందం సీసీతో పాటు పెరుగుతుంది; ఓఎంఆర్‌లో 100 సీసీకి దాదాపు 17 మి.మీ., 200 సీసీకి దాదాపు 35 మి.మీ. ఉంటుంది. మాది 43 దాటింది. రెండు కొలతలూ ఒకే మాట చెప్పాయి.

ఆ వెంటనే అతను అడిగిన ప్రశ్న వల్లనే ఈ దుకాణం మీద నాకు నమ్మకం కుదిరింది: “మీ బండి నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుంది అన్నా?” మోటారు కొనడానికి వచ్చినవారిని బండి గురించి అడిగే అలవాటు మన వైపు దుకాణాల్లో అరుదు. మా లోడరు పుస్తకంలో అటాచ్‌మెంటు లైనుకు నిమిషానికి 64 లీటర్లు అని రాసి ఉంది. లీటర్లను వెయ్యితో గుణించి సీసీతో భాగిస్తే చుట్లు వస్తాయి: 64 లీటర్లకు 250 సీసీ మోటారు 256 చుట్లు, 200 సీసీ మోటారు 320 చుట్లు తిరగాలి. లోపల జారే నూనె పోగా అసలు వేగం కొంత తక్కువే ఉంటుంది. తక్కువ సీసీ మోటారు వేస్తే బ్రష్షు జోరుగా తిరుగుతుంది, చూడటానికి బాగా ఊడుస్తున్నట్టే ఉంటుంది. కానీ కంకరను ఎగరగొడుతుంది, కుచ్చులు త్వరగా అరుగుతాయి, పైగా బలం తగ్గుతుంది. బలం లెక్క కూడా కష్టమైనది కాదు. బార్‌లలో ఒత్తిడిని సీసీతో గుణించి 62.8తో భాగిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. 100 బార్ దగ్గర 250 సీసీకి దాదాపు 398, 200 సీసీకి దాదాపు 318. ఫ్యాక్టరీ ఆవరణలో తడిసి గట్టిపడిన రాతిపొడి దగ్గర ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఓఎంఆర్ 250కి ఎడతెగకుండా పంపదగిన నూనె నిమిషానికి 60 లీటర్లని, కొద్దిసేపటికైతే 75 వరకు పరవాలేదని కేటలాగు చెబుతుంది. మా బండి ఇచ్చేది 64. కాగితం మీద చూస్తే పై శ్రేణి అయిన ఓఎంఎస్ తీసుకోవాలి. దానికి ఎడతెగని పరిమితి 75 లీటర్లు, ఒత్తిడి కూడా ఎక్కువ తట్టుకుంటుంది. కానీ దాని కీ షాఫ్టు (కప్లింగు జారకుండా కీ అనే చిన్న ఇనుప ముక్క పెట్టే షాఫ్టు) 32 మి.మీ. లేదా అంగుళంపావు ఉంటుంది. మా బ్రష్షు కప్లింగు, అంటే మోటారు షాఫ్టును బ్రష్షుకు కలిపే భాగం, ఒక అంగుళానిది. ఫ్లాంజి (బ్రాకెట్టుకు బిగించే అంచు) కూడా నాలుగు రంధ్రాలది కనుక బ్రాకెట్టుకు మరో రెండు రంధ్రాలు వేయించాలి, హోస్ పైపులు వచ్చే కోణం మారవచ్చు. దుకాణదారు తూకం వేసి చెప్పిన మాట సబబుగా తోచింది. 64 లీటర్లు అనేది ఇంజను పూర్తి వేగంలో ఉన్నప్పటి లెక్క. పంపు ఇచ్చే నూనె ఇంజను చుట్లను బట్టి ఉంటుంది, ఊడ్చే పనికి ఎవరూ యాక్సిలరేటరును చివరిదాకా తొక్కరు. ముప్పావు వేగంలో 48 లీటర్లు వస్తాయి, బ్రష్షు 190 చుట్ల దగ్గర తిరుగుతుంది, ఊడ్చడానికి అది చాలు. కాబట్టి బ్రూమరుకు ఓఎంఆర్ సరిపోతుందని నా అభిప్రాయం. అదే కాలువ తవ్వే ట్రెంచరుకో, ముళ్లకంప కొట్టే కట్టరుకో అయితే రోజంతా పూర్తి వేగం, పూర్తి ఒత్తిడి మీద నడవాలి. అక్కడ ఓఎంఎస్‌కు తక్కువ దేన్నీ తీసుకోవద్దు.

మొదటి దుకాణంలో చూపిన మోటారు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. అది చైనా నుంచి వచ్చే బీఎంఆర్ మోటారు, అదే కొలతల నకలు. రెండు రంధ్రాల ఫ్లాంజి, 82.5 మి.మీ. గుండ్రటి గట్టు, రంధ్రాల మధ్య 106.4 మి.మీ. దూరం, ఇవన్నీ మా పాతదానితో సరిగ్గా కుదిరాయి. బ్రాకెట్టులో చక్కగా కూర్చుంది. “ఎక్కేసిందంటే సరిపోయినట్టే అన్నా” అన్నారు. కానీ దాని షాఫ్టు 25 మి.మీ., మా కప్లింగు రంధ్రం 25.4 మి.మీ. 0.4 మి.మీ. ఆ తేడా వల్ల షాఫ్టు కప్లింగులోకి సుత్తి దెబ్బ అవసరం లేకుండా హాయిగా దూరుతుంది, వచ్చిన చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. షాఫ్టు కీ 8 మి.మీ., కప్లింగులో గాడి పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. లేతులో గాడి వెడల్పు చేయించుకుంటే అయిపోతుందని సలహా ఇచ్చారు. అలా చేస్తే వదులుగా ఉన్న కప్లింగు బ్రష్షు ఆగి కదిలినప్పుడల్లా కీ మీద కొడుతుంది. కొన్నాళ్లకు కీ తెగుతుంది, లేదా ఊగిసలాటకు షాఫ్టు సీలు దెబ్బతిని మళ్లీ నూనె కారుతుంది.

పోర్టుల దగ్గర ప్రమాదం ఇంతకన్నా పెద్దది. ఆ మోటారు పోర్టులు అర అంగుళం బీఎస్పీ (బ్రిటిష్ కొలత) మరలవి. మా పాతదానివి 7/8 అంగుళం యూఎన్ఎఫ్ (అమెరికా కొలత). రెండింటికీ అంగుళానికి 14 మరలే. మరల గేజీ ఒక్కటే పెట్టి చూసే మెకానిక్‌కు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. బయటి వ్యాసం మాత్రం బీఎస్పీకి దాదాపు 20.96 మి.మీ., యూఎన్ఎఫ్‌కు 22.2 మి.మీ. బీఎస్పీ నిపుల్‌ను యూఎన్ఎఫ్ రంధ్రంలో పెడితే వదులుగా పట్టినట్టే ఉంటుంది, టెఫ్లాన్ టేపు చుడితే బిగిసినట్టు కూడా అనిపిస్తుంది. 200 బార్ ఒత్తిడి దగ్గర అది ఊడి మనిషికి తగిలితే ప్రాణాపాయం. టేపు ముక్కలు మోటారు లోపలికి పోయి దారులు మూసే అవకాశం వేరే. బీఎస్పీకి డౌటీ వాషరు (లోపల రబ్బరు అంచు ఉన్న లోహపు వాషరు), యూఎన్ఎఫ్‌కు ఓ-రింగు, అంతే. టేపుకు అక్కడ చోటు లేదు.

నకలు మోటార్లన్నీ పనికిరానివని నా ఉద్దేశం కాదు. నిదానంగా తిరిగే చిన్న పనికి, అందుబాటులో ఉన్న ధరకు అవీ నడుస్తాయి. కానీ బీఎంపీ, బీఎంఆర్ అనే ఒక్క అక్షరం తేడాను బిల్లులో సరిచూసుకోవాలి. డాన్‌ఫాస్ వరుసలో ఓఎంపీకి రోలర్లు ఉండవు, పళ్లు స్థిరంగా ఉంటాయి; ఓఎంఆర్‌కు రోలర్లు ఉంటాయి, అందువల్ల బరువు మీద నిదానంగా కదిలేటప్పుడు రాపిడి తగ్గుతుంది. నకళ్లు కూడా ఇదే పద్ధతిలో పేర్లు పెట్టుకుంటాయి. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇంకొక సంగతి: పాత మోటారు మీద ఈటన్ లేదా చార్‌లిన్ పేరు కనిపించినవారు కంగారు పడనక్కరలేదు. ఈటన్ హైడ్రాలిక్స్ వ్యాపారాన్ని 2021 ఆగస్టులో డాన్‌ఫాస్ కొనుక్కుంది కనుక వాటి వివరాలూ డాన్‌ఫాస్ డీలర్ల దగ్గరే అడగవచ్చు.

మాకు కావలసిన అంగుళం షాఫ్టు, యూఎన్ఎఫ్ పోర్టుల మోటారు కర్నూలులో ఎక్కడా సిద్ధంగా లేదు. దుకాణదారు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పిస్తానన్నాడు. అక్కడ రాత్రి పార్శిల్‌లో వేస్తే తెల్లారేసరికి ఇక్కడ ఉంటుంది. అడ్వాన్సు తీసుకునే ముందు మోటారు కోడ్ నెంబరు కాగితం మీద రాసి ఇచ్చాడు, వచ్చిన పెట్టె మీది నెంబరుతో మా ఎదుటే సరిచూశాడు. జీఎస్టీ బిల్లులో కూడా ఆ నెంబరే వేశాడు.

బిగించే ముందు అతను పట్టుబట్టి చేయించిన పని రిటర్న్ లైను (మోటారు నుంచి నూనె తిరిగి బండికి పోయే పైపు) పరీక్ష. ఈ రకం మోటారులో లోపలి కవాటాల వల్ల, విడిగా డ్రెయిన్ పైపు లేనప్పుడు షాఫ్టు సీలు మీద పడే ఒత్తిడి రిటర్న్ లైను ఒత్తిడికి తగ్గట్టే ఉంటుంది. మా బ్రూమరుకు డ్రెయిన్ పైపు లేదు. ఒత్తిడి గేజీ పెట్టి చూస్తే రిటర్న్ వైపు ముల్లు ఉండవలసిన దానికన్నా బాగా పైన నిలబడింది. రిటర్న్ కప్లరును (హోస్ పైపును బండికి తగిలించే జోడింపు) విప్పితే, లోపలి పాపెట్ అనే చిన్న కవాటం రాతిపొడి ముద్దతో సగం మాత్రమే తెరుచుకుంటోంది. పాత మోటారు సీలును పోగొట్టింది అదే. ఆ కప్లరు ఉండగా ఎంత ఖరీదైన మోటారు వేసినా దాని సీలుకూ అదే గతి పట్టేది. కప్లరు మార్చి, అరిగిన మోటారు నుంచి వచ్చిన లోహపు నలుసులు పోయేలా పైపులు కడిగి, రిటర్న్ ఫిల్టరు కూడా కొత్తది వేసిన తరువాతే మోటారు ఎక్కించారు. కప్లరు, ఫిల్టరు ధర వారు లాభం కోసం కలిపినవని అనుకునేవారు ఉంటారు. నేను అలా అనుకోవడం లేదు.

మోటారు పనితీరు మీద ఫిర్యాదు లేదు. బ్రష్షు నిలిచిన చోటు నుంచి కుదుపు లేకుండా కదులుతుంది, గట్టిపడిన పొడి మీద వేగం కొంత తగ్గినా ఆగిపోదు. ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం పూట నూనె పలచబడి చుట్లు కాస్త తగ్గడం గమనించాను. అది ఈ రకం మోటార్లన్నిటి స్వభావమే. వేసవిలో 46 గ్రేడు నూనెకు బదులు ఇంకా చిక్కనైన 68 వాడవచ్చా అన్నది లోడరు పుస్తకం చూసి నిర్ణయించుకోవాలి గానీ మోటారును బట్టి కాదు.

దుకాణం మీద మాత్రం రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ఓఎంఆర్ సీలు కిట్టు వారి దగ్గర నిల్వ ఉండదు, అదీ రాణిగంజ్ నుంచే రావాలి. సీలు పోయిన రోజున బండి ఆగిపోతుంది కనుక మోటారుతో పాటే ఒక కిట్టు తెప్పించుకోమని కొనేవారికి ముందే చెప్పవలసింది. రెండవది, వారంటీ షరతులు నోటి మాటగానే చెప్పారు. సీలు విప్పితే వారంటీ పోతుందా లేదా అన్నది బిల్లు వెనుక రాసి సంతకం పెట్టమని అడిగితే పెట్టారు, కానీ అడగాల్సి వచ్చింది. అయినా కర్నూలులో బ్రూమరుకు గానీ గుంతలు తవ్వే ఆగరుకు గానీ మోటారు కావలసినవారిని అక్కడికే పంపుతాను. పాత మోటారును, కప్లింగును, బండి పుస్తకంలో నూనె ప్రవాహం రాసి ఉన్న పేజీని వెంట తీసుకెళ్లండి. ఈ మూడూ లేకుండా ఫోన్‌లో ధర అడిగితే వారు చెప్పరు.